ఫ్రెంచి నేర్చుటకు తెలుగు విడువవలెనా?

పదవ తరగతి ఫలితములు వెలువడు దినములలో మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు నన్ను తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యవారూ, మావాడు పి.యు.లో ఫ్రెంచి తీసుకుంటానంటున్నాడు. తెలుగు వదిలేస్తే ఏమైనా నష్టమా?" అని. అడుగువారి కంఠమున కొంత ఆశయు, కొంత సంకోచమును ఉండును. తెలుగు ఉపాధ్యాయుడు గనుక కోపించునేమో యని వారి సందేహము. నాకు కోపము లేదు. కాని గుమ్మమునొద్ద నిలుచుండి ఒక్క మాటలో సమాధానము చెప్పదగిన ప్రశ్న కాదది. అందుచే ఈ పత్రికలో నా యభిప్రాయమును కొంత విపులముగా వ్రాయుచున్నాను.

కర్ణాటక రాష్ట్రమున పదవ తరగతి వఱకు తెలుగును ప్రథమభాషగా చదువుకొను అవకాశము కలదు. పి.యు. తరగతులలో విద్యార్థి రెండు భాషలు చదువవలెను. అందు ఒకటి సామాన్యముగా ఇంగ్లీషు అగును. రెండవదానికి గల పట్టికలో కన్నడము, హిందీ, సంస్కృతము మున్నగువానితోపాటు తెలుగును ఉన్నది, ఫ్రెంచియు ఉన్నది. కుర్చీ ఒక్కటే, కూర్చుండగోరువారు పలువురు. కన్నడమును గూర్చి ఇచట వాదము లేదు. అది మనము నివసించు నేల భాష. దానిని చదువను వ్రాయను మన పిల్లలు పదవ తరగతిలోపుననే చక్కగా నేర్వవలెను. నేను చెప్పబోవునది తెలుగు ఫ్రెంచిల మాట.

ఫ్రెంచి తీసికొనినచో మార్కులు సులభముగా వచ్చునని కొందఱు చెప్పుదురు. విదేశములకు పోవుటకు, ఇచటి ఫ్రెంచి కంపెనీలలో కొలువు సంపాదించుటకు అది ఉపకరించునని మఱికొందఱు చెప్పుదురు. ఈ రెండవ మాట త్రోసివేయదగినది కాదు. ఎయిర్‌బస్, సఫ్రాన్, క్యాప్‌జెమిని వంటి ఫ్రాన్సు సంబంధము గల సంస్థలు ఈ నగరమున పనిచేయుచున్నవి. ఫ్రాన్సు ప్రభుత్వపు కాన్సులేటు బెంగళూరున కలదు. వసంతనగరమున అలియాన్స్ ఫ్రాన్సేజ్ వారు ఆ భాషను నేర్పుచున్నారు. ఇక ఆ భాష ఫ్రాన్సులోనే గాక బెల్జియము, స్విట్జర్లాండు, కెనడాలోని క్విబెక్కు, ఆఫ్రికా ఖండమున అనేక దేశములు, వీనియందును వాడుకలో నున్నది. కావున ఫ్రెంచి నేర్వవలదని నేననను. నేర్వుడనియే చెప్పుదును. నా వాదమంతయు ఇది: ఫ్రెంచి నేర్చుటకు తెలుగును విడువనక్కఱలేదు, విడిచినవాడు ఫ్రెంచి నేర్చుటలోనే నష్టపడును.

ఈ మాట తెలుగు పక్షపాతముతో చెప్పినది కాదు. నేను ఫ్రెంచి పండితుడను కాను. ఆంధ్రదేశమున పండిత శిక్షణ పొంది, ఈ నగరమునకు వచ్చిన పిమ్మట, తీరిక సాయంకాలములలో ఆ భాష మొదటి మెట్టు మాత్రము ఎక్కినవాడను. మా పుస్తకమున వివరణలన్నియు ఇంగ్లీషుననే యుండెడివి. నాతోడి యువకులు ఇంగ్లీషును ధారాళముగా మాటలాడువారు. అయినను వారు తడబడిన కొన్ని చోట్ల నాకు ఏ కష్టమును కలుగలేదు. దానికి కారణము నా తెలివి కాదు, చిన్నయసూరి బాలవ్యాకరణము.

మొదటి పాఠముననే 'త్యు', 'వూ' అను రెండు సర్వనామములు వచ్చును. ఇంగ్లీషున రెంటికిని 'యూ' అను మాట యొక్కటియే గనుక పుస్తకకర్త అఱపుట వ్రాసి వివరింపవలసి వచ్చినది. మన పిల్లవానికి రెండు మాటలు చాలును: నీవు, మీరు. స్నేహితునితో నీవు, అంగడివానితో, రైలు స్టేషనులోని ఉద్యోగితో, దారి చెప్పిన పెద్దమనిషితో మీరు. 'మీరు' బహువచనమై యుండియు ఒక్కరియెడ గౌరవార్థము వాడబడునట్లే 'వూ' కూడ వాడబడును. భేదము లేకపోలేదు. నేడు అచటి పిల్లలు సామాన్యముగా తాతను సైతము 'త్యు' అనియే పిలుతురు. మన యిండ్లలో తల్లిని నీవనియు, తండ్రిని మీరనియు అను పిల్లలు కలరు గదా. వారికి ఇది వింతగా తోచవచ్చును. మఱియొక సంగతి. 'నూ' అను వారి సర్వనామమునకు మేము, మనము అను భేదము లేదు. అడుగుచున్నవానిని కలుపుకొనుచున్నారో, విడిచిపెట్టుచున్నారో సందర్భమునుబట్టి గ్రహింపవలసినదే. ఈ విషయమున మన భాషయే సంపన్నమైనది.

ఇక మన 'నాకు' అను మాటను చూడుడు. వయసు చెప్పునపుడు ఇంగ్లీషువాడు 'నేను పదునైదేండ్లవాడనై యున్నాను' అను ధోరణిలో చెప్పును. మనము 'నాకు పదునైదేండ్లు' అందుము. ఫ్రెంచివాడు 'జే కేఁజాఁ' అనును. పదునైదేండ్లు తనకు కలవనియే దాని యర్థము. ఆకలి సంగతియు అంతే. ఇంగ్లీషున ఆకలి మనుష్యునకు విశేషణము. మనకును ఫ్రెంచివారికిని ఆకలి యొక వస్తువు, అది మనకు కలుగును, వారికి ఉండును. 'జే ఫేఁ' అని వారందురు. ప్రయాణములో నిత్యము పనికివచ్చు మఱియొక వాక్యము 'ఇల్ మ్ ఫో ఎఁ బియ్యే.' ఇందు 'మ్' అనునది 'నాకు'. 'నాకు ఒక టికెట్టు కావలెను' అను మన వాక్యమునకు ఇది అద్దములోని ప్రతిబింబము. ప్రతి ప్రార్థనకును చివర చేర్చు 'సిల్ వూ ప్లే' అను మర్యాదమాటను దినమునకు నూఱుసార్లు పలుకువారిలో ఎందఱు దానిని విడదీసి చూచిరో తెలియదు. 'అది మీకు ఇష్టమైనచో' అని దాని యక్షరార్థము. ఇచట 'వూ' అనగా 'మీరు' కాదు, 'మీకు'. మన వ్యాకరణరీతిని ప్రథమ కాదు, షష్ఠి. విభక్తులు చదివిన విద్యార్థికి ఈ రహస్యము ఒక్క నిమిషమున తెలియును.

సంధి పాఠమనగా మీరందఱు ముఖము ముడుచుకొందురని నేనెఱుగుదును. ఫ్రెంచిలో సంధి లేకుండ హోటలుకు దారియైనను అడుగలేరు. 'ల' అను ఉపపదము ముందుండి, 'ఓతెల్' అను పదము పరమైనప్పుడు మొదటిదాని అచ్చు లోపించి 'లోతెల్' అగును. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయినట్లే. వారికి ఈ సంధి ఐచ్ఛికము కాదు, నిత్యము. 'మిత్రులు' అనుటకు 'లే', 'ఆమీ' అను రెండు మాటలు కలిసినపుడు నడుమ జకారము వినబడి 'లెజామీ' అగును. మనము 'మాయమ్మ' అనునపుడు నడుమ యకారము వచ్చినట్లు ఇది తోచును. కాని మన యకారము క్రొత్తగా వచ్చిన ఆగమము. వారి జకారము వ్రాతలో ముందే యుండి, పలుకుబడిలో నిద్రించి, అచ్చు పరమగుటచే మేల్కొనినది. ఈ తేడాను 'ఆగమము' అను మాట ఎఱిగినవానికి చెప్పుట యెంత సులభమో, ఎఱుగనివానికి చెప్పుట అంత కష్టము.

అరసున్న మాట కూడ చెప్పవలెను. నేటి పాఠ్యపుస్తకములు దానిని దాదాపు విడిచిపెట్టినవి. పూర్వము ముక్కుతో తేలికగా పలుకబడిన ధ్వనికి గుర్తై, ఆ ధ్వని పోయిన పిమ్మట కూడ పుస్తకములలో నిలిచియుండిన చిహ్నమది. ఫ్రెంచిలో అట్టి ధ్వనులు సజీవముగా నున్నవి. రొట్టెను 'పేఁ' అందురు, మంచిదానిని 'బోఁ' అందురు, రైలును 'త్రేఁ' అందురు. పై వాక్యములలో నేను వానిని అరసున్నతోనే వ్రాసితిని. ఇంగ్లీషు లిపిలో ఈ ధ్వనిని చూపుటకు నా తోటివారు పడిన పాట్లు చూచినపుడు, కొలువు పోయిన మన అరసున్నకు ఫ్రెంచి నోటుపుస్తకమున మఱల పని దొరకినదని సంతోషించితిని.

తెలుగు సాయపడని చోట్లును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. మనము వ్రాసినట్లు పలుకుదుము. వారు పలుకనివానిని కూడ వ్రాయుదురు. ఫ్రెంచివారు చాలవఱకు వ్రాతలో హలంతులు, నోట అజంతులు. పారిస్ అని వ్రాసి పారీ అందురు. క్రియాపదమునకు మనవలెనే పురుషభేదము కలదు, కాని దాని చివరి యక్షరములు పెక్కుచోట్ల వినబడవు. అందుచే మనము 'వచ్చితిని' అని కర్తను విడిచినట్లు వారు విడువలేరు. లింగభేదము మఱింత చిక్కు. మనకు బల్ల, బండి, పుస్తకము అన్నియు 'అది'. వారికి నపుంసకలింగము లేదు. ప్రతి వస్తువును పురుషుడో స్త్రీయో కావలెను. రైలు 'అతడు', అతడు వచ్చి నిలుచు స్టేషను, అనగా 'గార్', 'ఆమె'. టికెట్టు అతడు, పెట్టె ఆమె. ఇందుకు కారణమడిగిన ప్రయోజనము లేదు. ఎక్కాలవలె కంఠస్థము చేయవలసినదే.

ఎక్కాలనగా జ్ఞాపకమునకు వచ్చినది. అరువది వఱకు వారి లెక్క సుగమము. డెబ్బదికి అరువది-పది అందురు. ఎనుబదికి నాలుగిరువదులు అందురు. తొంబదియైదునకు 'కాత్ర్ వేఁ కేఁజ్', అనగా నాలుగు, ఇరువది, పదునైదు. అంగడివాడు ధర చెప్పుచుండగా 'కాత్ర్' అను మొదటి మాట విని నాలుగు యూరోలు చేతబట్టుకొనువాడు నవ్వులపాలగును. బెల్జియమువారును, స్విట్జర్లాండువారును డెబ్బదికి, తొంబదికి వేఱు మాటలు పెట్టుకొని ఈ బాధ కొంత తప్పించుకొనిరి. దారి యడుగునపుడును జాగ్రత్త వలయును. 'ఆ ద్రువాత్' అనిన కుడివైపునకు. 'తూ ద్రువా' అనిన తిన్నగా ముందునకు. కడపటి తకారము చెవిని పడకున్నచో వేఱొక వీధిలో తేలుదురు.

ప్రయాణపు మాటలలో సగము మీకు ముందే తెలిసియున్నవని చెప్పినచో నమ్ముదురా? ఒకనాడు మెజెస్టిక్ బస్సు నిలయమునకు పోయి చెవియొగ్గి వినుడు. టికెట్టు, రూటు, డిపో, గ్యారేజి, ప్లాట్‌ఫారం, బ్యాగేజి, క్యూ, ఇవియన్నియు ఫ్రెంచినుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషునుండి మనకు వచ్చినవే. క్యూ అనగా ఆ భాషలో తోక. పాస్‌పోర్టు, మెనూ, రెస్టారెంటు, ఆమ్లెట్టు కూడ ఆ వంశమువే. అయితే దేశాంతరము తిరిగిన మాటలు అర్థము మార్చుకొనును. హోటలు అనిన మనకు ఇడ్లీ, కాఫీ దొరకు చోటు. 'ఓతెల్' అనిన వారికి పడుకొను గది దొరకు చోటు. 'ఓతెల్ ద వీల్' అని బోర్డు కనబడినచో అందు గదియు దొరకదు. అది పురపాలక భవనము. 'లిబ్రేరీ' అనిన గ్రంథాలయము కాదు, పుస్తకముల అంగడి.

మనకును ఫ్రెంచికిని గల సంబంధము నేటిది కాదు. 18వ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి మతగురువు గాస్తోఁ కూర్దూ తెలుగువారి నడుమ నివసించి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతములకు నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల పోలికను గూర్చి ఆయన 1767లో పారిస్‌లోని పండితులకు వ్రాసెను. విలియం జోన్సు కలకత్తాలో ఆ పోలికను ప్రకటించిన 1786వ సంవత్సరమునకు అది చాల ముందు. మన భాషను నేర్చుకొనుటకు తన భాషను విడువవలెనని ఆ గురువునకు తోచలేదు.

గోదావరి తీరమున యానాం కలదు. ఫ్రెంచివారు దానిని యనాఓఁ అనిరి. 1954 వఱకు అది వారి పాలనలో నుండెను. ఒడంబడిక ప్రకారము శాశ్వతముగా మన దేశమున చేరినది 1962 ఆగస్టు 16న. అచటి పిల్లలు పాఠశాలలో ఫ్రెంచి చదివి, ఇంట తెలుగు మాటలాడి పెరిగిరి. నా శిక్షణ కాలమున ఒకసారి అచటికి పోయినపుడు, బాల్యమున ఫ్రెంచి బడిలో చదివిన వృద్ధుడొకడు మనుమలకు ఆ భాష అంకెలను సీసపద్యము చదివినట్లు రాగముతో వల్లింపజేయుచుండగా వింటిని. పాలన మాఱిన పిమ్మట 1965 నాటి భాషాచట్టమున యానాంకు తెలుగు స్థానము దక్కినది. రెండువందల యేండ్లకు పైబడిన ఫ్రెంచి పాలనలో ఆ యూరివారు తెలుగు విడిచియుండినచో ఆ చట్టమున మన భాష పేరుండెడిది కాదు.

యానాం చెంతనే కోరంగి రేవు. 19వ శతాబ్దిలో చెఱకు తోటలలో కూలికై మారిషస్ దీవికి పోయిన తెలుగువారిలో పెక్కుమంది ఆ తీరమునుండి ఓడ యెక్కిరి. అందుచే వారికి అచట కోరంగీలని పేరు వచ్చినది. ఆ దీవి 1810లో ఇంగ్లీషువారి వశమైనను జనుల నోట నిలిచినది ఫ్రెంచియు, ఫ్రెంచినుండి పుట్టిన క్రియోలును. కావున అచటి తెలుగువారి బిడ్డలకు ఫ్రెంచి ఉగ్గుపాలతో వచ్చును; కష్టపడి నేర్వవలసినది తెలుగు. వారు నేర్చుచున్నారు. అచటి బడులలో తెలుగు బోధింపబడుచున్నది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిననే జరిగినవి. ఉగాది అచట ప్రభుత్వ సెలవుదినము. ఆ పండుగ పేరును వారు ఫ్రెంచి పద్ధతిలో 'ఓ', 'యు' అను రెండక్షరములతో మొదలుపెట్టి వ్రాయుదురు. ఏలయనగా ఫ్రెంచిలో 'యు' ఒంటరిగా నున్నచో మన ఉకారము కాదు. పెదవులు ఉకారమునకు, నాలుక ఈకారమునకు పెట్టి పలుకవలసిన వేఱొక అచ్చు. 'ర్యూ' అనిన వీధి, 'రూ' అనిన చక్రము. ఉగాదిని ఉగాదిగా పలికింపవలెనని అంత దూరమున నున్నవారికి గల పట్టుదలను చూడుడు. ఫ్రెంచి ఊరక లభించినవారు తెలుగుకై బడికి పోవుచుండగా, తెలుగు ఊరక లభించిన మనము దానిని ఇచ్చివేసి ఫ్రెంచి కొనుచున్నాము.

ఇక మార్కుల మాట. పరీక్షకొఱకు మాత్రమే రెండేండ్లు ఫ్రెంచి చదివి, పిమ్మట పుస్తకము మూసినవానికి అది త్వరలోనే మఱపునకు వచ్చును. పారిస్ స్టేషనులో నిలిచినపుడు మార్కుల పత్రము దారి చూపదు. పదవ తరగతితో తెలుగు విడిచినవాడు తెలుగు మాటలాడుట మానడు; కాని వాని తెలుగు పదునైదేండ్ల వయసుననే నిలిచిపోవును. అదిగాక, ఫ్రెంచిని కాలేజీ వెలుపల నేర్పు చోట్లు ఈ నగరమున కొదవ లేదు. 'డెల్ఫ్' అను పరీక్షయొకటి కలదు. తన్ను తాను పరిచయము చేసికొనుట, ధర యడుగుట, దారి యడుగుట, చిన్న పత్రము నింపుట, ఇవి దాని మొదటి మెట్టు. ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చు ఆ యోగ్యతాపత్రమునకు కాలపరిమితి లేదు. దానిని ఎప్పుడైనను పొందవచ్చును. పి.యు. తెలుగును కాలేజీ వెలుపల నేర్పువారు ఎందఱున్నారో తల్లిదండ్రులే లెక్కింతురుగాక. ఫ్రెంచిలోనే పట్టభద్రుడై, అనువాదకుడో, ఆచార్యుడో కాదలచిన విద్యార్థికి మాత్రము నేనడ్డు చెప్పను; అట్టివాడు దానిని పి.యు.లోనే తీసికొనుట సమంజసము. అట్టివారు నూటికొకరుందురేమో.

తక్కినవారి కొఱకు నేను మన ప్రధానోపాధ్యాయులవారికి ఒక మనవి చేసియున్నాను. తొమ్మిదవ తరగతి వారికి శనివారమునాడు బడి ముగిసిన పిమ్మట అరగంట ప్రయాణపు ఫ్రెంచి చెప్పుదునని. పరీక్ష ఉండదు, మార్కులుండవు, రుసుమును ఉండదు. ఇష్టమున్న తల్లిదండ్రులును వచ్చి కూర్చుండవచ్చును. పుస్తకము కొననక్కఱలేదు, నలుబది పుటల నోటుపుస్తకమును, పెన్సిలును తెచ్చుకొనిన చాలును. ఎడమపుటలో తెలుగు వాక్యము, కుడిపుటలో ఫ్రెంచి వాక్యము వ్రాయవలెను. మొదటి శనివారము నీవు, మీరు. రెండవ శనివారము విభక్తులు.